మొహాల్లేని ఫ్లెక్సీ

పుట్టినరోజు ఫ్లెక్సీలో తన మొహం కన్నా సాటి చోటా నాయకుడు యేసుదాసు మొహం పెద్దదిగా వేశారని వెంకట్రాజు ఫ్లెక్సీ కొట్టు మీదికి వచ్చాడు. పుట్టినరోజు ఆయనదీ కాదు, యేసుదాసుదీ కాదు, ఎవరో పెద్ద నాయకుడిది. వెనక నలుగురు మనుషులు, వాళ్ళ వెనక రెండు మోటారు సైకిళ్ళు. కొట్టు యజమాని అప్పారావు ఇలాంటి సమయాల్లో ఎప్పుడూ చేసే పనే చేశాడు. అంటే టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

కొట్టు ముందు బడ్డీలో అట్లు పోసుకునే పాపమ్మ గరిటె పక్కన పెట్టి మరీ చూసింది. ఏలూరులో పొద్దున్నే అంత వినోదం ఊరికే దొరకదు.

లోపల కంప్యూటరు దగ్గర డిజైన్లు చేసే ప్రసన్నకుమారి కొలత టేపు పట్టుకుని బయటికి వచ్చింది. ముప్ఫయ్యేళ్ళ మనిషి, ఫ్యాను స్పీడు పెంచితే కదిలిపోయేటట్టుంటుంది. ఫ్లెక్సీ నేల మీద పరిచి, టేపు వెంకట్రాజు చేతికే ఇచ్చింది. ఆయన అంత పొట్టా వేసుకుని వంగి కొలిచాడు. ఇది పద్నాలుగు అంగుళాలు, అదీ పద్నాలుగే. నమ్మకం చాలక ఇంకోసారి కొలిచాడు. ఇంకోసారీ అంతే వచ్చింది.

"కొలత ఒకటేనండీ," అంది ఆమె, ప్రార్థనలో తల వంచుకున్నంత వినయంగా. "యేసుదాసుగారికి జుట్టుందండీ. అందుకని పెద్దగా కనబడుతున్నారండీ."

వెనకున్న నలుగురిలో ముగ్గురికి ఒక్కసారే దగ్గొచ్చింది. వెంకట్రాజు ఫ్లెక్సీ చుట్టించుకుని వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచి పాపమ్మ ఆ అమ్మాయికి అట్టు మీద ఉల్లిపాయలు కాస్త ఎక్కువ వేసేది. పాపమ్మ ఒక మనిషిని మెచ్చుకోవడమంటే అంతవరకే.

ప్రసన్నకుమారిది కొల్లేటి ఊరు. తండ్రి వరదానం చేపల చెరువుల దగ్గర కాపలాదారు. పది పాసయ్యాక ఏలూరొచ్చి, పెళ్ళి కార్డులు టైపు చేస్తూ చేస్తూ ఫోటోషాపు నేర్చుకుంది. కార్డుల కాలం పోయి ఫ్లెక్సీల కాలం వచ్చింది. ఫ్లెక్సీ అంటే మనవాళ్ళకి మొహాలే కదా. పైన పెద్ద గుండ్రంలో పెద్దాయన, దాని కింద చిన్న గుండ్రాల్లో ఆయన్ని ఎరిగున్నవాళ్ళు, ఇంకా కింద ఎరిగున్నామని చెప్పుకునేవాళ్ళు. ఎనిమిదేళ్ళపాటు ఆమె ఊళ్ళో ఉన్న మొహాలన్నిటికీ మచ్చలు తుడిచింది, నల్లవాళ్ళని తెల్లగా చేసింది, ముసలివాళ్ళకి పదేళ్ళు తగ్గించింది. అంత సేవ చేసిన మనిషిని వీధిలో ఒక్కరూ గుర్తుపట్టేవారు కాదు.

ఒక ఆదివారం అట్టు చుట్టిచ్చిన పేపరు ముక్కలో చంద్రుడి సంగతి చదివింది. నాలుగు వందల యాభై కోట్ల ఏళ్ళ కిందట ఇంకో గ్రహమేదో వచ్చి భూమిని గుద్దిందట, ఆ ఎగిరిన ముక్కలన్నీ ఒకచోట చేరి చంద్రుడయ్యాయట. ఆ గుద్దుకోవడం తను బొమ్మ చేస్తానని పాపమ్మతో చెప్పింది. చూసినవాళ్ళెవరున్నారని పాపమ్మ అడిగింది. ఎవరూ లేరు కాబట్టే తప్పు పట్టేవాళ్ళుండరంది ప్రసన్నకుమారి. ఆ మాటలో న్యాయం ఉందని పాపమ్మకి కూడా అనిపించింది.

గీసే బొమ్మ అయితే కుంచె, రంగులు చాలు. ఈ కంప్యూటరు బొమ్మకి ముందు ఫోటోలు కావాలట. స్టూడియో వాళ్ళ కెమెరా అడిగి తీసుకుని, మే నెల ఎండలో సొంతూరు వెళ్ళింది. కిందటేడు కొల్లేట్లో ప్రభుత్వం వాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశారు కదా, నీళ్ళు పోయిన చెరువుల అడుగు ఎండి బీటలు తీసి ఉంది. ఆ బీటల్ని బోర్లా పడుకుని ఫోటోలు తీస్తుంటే, నష్టపరిహారం రాసుకునే ఆఫీసరమ్మ అనుకుని ఊరివాళ్ళు రేషను కార్డులు పట్టుకొచ్చి వరసలో నిలబడ్డారు. వాళ్ళలో వరదానం కూడా ఉన్నాడు. ఆ పడుకున్న మనిషి తన కూతురని తల ఎత్తేవరకూ ఆయనకి తెలియలేదు.

భూమికి మాత్రం పాపమ్మ పెనం పనికొచ్చింది. ఇరవయ్యేళ్ళ మసి పట్టి, అట్టలు కట్టి, అక్కడక్కడ ఎర్రగా పెచ్చులూడిన పెనం అడుగు. దాన్ని బోర్లించి ముప్ఫయి ఫోటోలు తీసింది. ఎగిరే ముక్కలకి నల్ల గుడ్డ మీద బియ్యపు నూక చల్లింది. మంటలకి పొయ్యిలో నిప్పులు. వీటన్నిటినీ పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి వేస్తానని, అట్ల దొంతరలాగే ఉంటుందని, కాకపోతే పై అట్టులోంచి కింది అట్టు కనబడుతుందని చెప్పింది.

"అంత పల్చటి అట్టు పోస్తే నన్ను తంతారే అమ్మాయ్," అంది పాపమ్మ.

మొహాల పనికి మధ్య మధ్య ఖాళీ చేసుకుని ఆర్నెల్లు చేసింది. కరెంటు పోయి పదకొండు రోజుల పని ఒకసారి మాయమైంది. ఏడవలేదు, మళ్ళీ మొదలుపెట్టింది. నవంబరులో పాపమ్మని లోపలికి పిలిచి చూపించింది. నల్లటి ఆకాశంలో పెనం సగం పగిలి, లోపల నిప్పులు కనబడుతూ, బీటల గ్రహం దాని డొక్కలోకి దిగబడుతోంది. చుట్టూ నూక చెదిరిపోతోంది. పాపమ్మ తెర దగ్గరికంటా వంగి చూసింది. తర్వాత, పెనం నాదేనని తెలిసేలా ఎక్కడన్నా రాశావా అని అడిగింది.

డిసెంబరులో స్కూల్లో సైన్సు ప్రదర్శన ఉంది, గేటు దగ్గర ఆ బొమ్మ పెడదామని, కొట్టులో దాన్ని చూసిన హైస్కూలు మాణిక్యం మాస్టారు అడిగారు. ఫ్లెక్సీ ఖర్చు పెట్టుకోడానికి వెంకట్రాజు ముందుకొచ్చాడు. ప్రసన్నకుమారికి నేల మీద కాలు నిలవలేదు. రోజూ ఇరవై ఫ్లెక్సీలు బయటికి పంపే మనిషి, తన బొమ్మ ఒక్కటి పదడుగుల ఎత్తున నిలబడితే చూడాలని అంత ఆశపడింది. సరిగ్గా అప్పుడే తండ్రికి జ్వరమని కబురొస్తే రెండు రోజులు ఊరెళ్ళింది.

అప్పారావు చెడ్డవాడేమీ కాదు. ప్రింటు తీద్దామని ఫైలు తెరిచాడు. పెద్ద గుండ్రం ఒకటి, చిన్న గుండ్రం ఒకటి, రెండూ ఖాళీ. పాపం, తండ్రికి బాగాలేదన్న కంగారులో పిల్ల మొహాలు పెట్టడం మర్చిపోయిందనుకున్నాడు. పెద్ద గుండ్రంలో వెంకట్రాజుని, చిన్న గుండ్రంలో వెంకట్రాజు బావమరిదిని పెట్టి, పని పూర్తి చేసి పుణ్యం కట్టుకున్నాడు.

గేటు దగ్గర దాన్ని ముందు చూసింది పాపమ్మే. తన పెనం మీద వెంకట్రాజు నవ్వుతున్నాడు. బావమరిది నిప్పులు కక్కుతూ వచ్చి ఆయన చెవి కింద గుద్దుతున్నాడు. ఇద్దరూ చేతులు జోడించే ఉన్నారు.

ఇక ఊరంతా నవ్విపోతుందనీ, అప్పారావు కొట్టు మూసుకుంటాడనీ పాపమ్మ సంబరపడింది. అలాంటిదేమీ జరగలేదు. జనం నిలబడి నిలబడి చూశారు. మంటల్లోంచి పుట్టుకొచ్చినట్టున్నారని వెంకట్రాజుని పొగిడారు. ఆయన తన జన్మలో ఇంత మంచి ఫ్లెక్సీ ఎరగనన్నాడు. మాఘమాసం ముహూర్తాలు వచ్చేసరికి తాడేపల్లిగూడెం నుంచి కూడా మనుషులొచ్చి, ఆ గుద్దుకునే మోడల్ కావాలని అడిగారు. పెద్ద గుండ్రంలో పెళ్ళికొడుకు, చిన్న గుండ్రంలో పెళ్ళికూతురు, మధ్యలో బ్రహ్మాండం బద్దలు. పెళ్ళంటే ఏమిటో ఇన్నాళ్ళకి ఒక ఫ్లెక్సీ నిజం చెప్పిందని పాపమ్మ ఒప్పుకుంది.

ప్రసన్నకుమారి ఊరి నుంచి వచ్చి అదంతా చూసింది. అలాగేనండీ అంటూ ఆ మాఘంలో నలభై పెళ్ళిళ్ళకి భూమిని బద్దలు కొట్టింది. టేపు పెట్టి గెలవగలిగిన మనిషి, ఇంతమంది మెచ్చుకుంటుంటే ఎవరి మీద గెలవాలో తెలియక ఊరుకుంది. అట్టు సగం వదిలేసి లేచిపోయేది. అది పాపమ్మకి ఒళ్ళు మండించింది. తన అట్టు ఎవరూ ఎన్నడూ వదల్లేదు మరి.

మార్చిలో ఒక మధ్యాహ్నం అప్పారావు భోజనానికి వెళ్ళినప్పుడు ప్రింటు మిషను చప్పుడైంది. కాసేపటికి ప్రసన్నకుమారి చుట్ట చుట్టిన ఫ్లెక్సీ ఒకటి తెచ్చి పాపమ్మ ముందు విప్పింది. ఫ్లెక్సీ గుడ్డ చుట్ట చివర మిగిలిన ముక్క, ఆరడుగులు కూడా లేదు. రంగు ఇంకా వాసనేస్తోంది. అందులో పెనం ఉంది, బీటలున్నాయి, నూక ఉంది. మనిషన్నవాడు లేడు.

"మామ్మగారూ, ఎండలు ముదిరాయి కదండీ, దీన్ని మీ బడ్డీకి అడ్డంగా కట్టండి," అంది. "అందరూ కట్టినట్టు బొమ్మ లోపలికి తిప్పొద్దండీ. రోడ్డు వైపుకే ఉంచండి. ఎవరన్నా ఆగి ఇందులో మొహాలేవని అడిగితే, అప్పటికింకా ఎవరూ పుట్టలేదని చెప్పండి."