మా మేనత్త కట్టిన వేషాలు

మా మేనత్త పోయింది. మంగళవారం తెల్లవారుతుండగా గుండెలో నొప్పి అంటే బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడట. మా నాన్న ఫోన్ చేసి "అత్త లేదు బిడ్డా" అన్నాడు. నేను చెప్పులు వేసుకునేలోపే ఫోన్‌లో ఇంకో కబురు వచ్చింది. ఆమె అత్తగారింటి వాళ్ళు బంధువుల గ్రూపులో పెట్టింది అది. "నిరాడంబరంగా జీవించిన ఆదర్శ ఉపాధ్యాయురాలు ఇక లేరు."

ఆ మొదటి మాట చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపమే వచ్చింది. నిరాడంబరంగా జీవించిందట! జీవించిందా, మీరంతా కలిసి అట్లా జీవించేలా చేశారా? ఆమె ఎవరో తెలియనివాళ్ళు ఆ ముక్క చదివి నిజమే కాబోలు అనుకుంటారు. అనుకోకూడదనే ఇది రాస్తున్నాను.

ఆమె మా నాన్నకు అక్క. పెద్ద కొడప్‌గల్ దగ్గర మా ఊళ్ళో పుట్టి, బాన్సువాడలో మెట్టింది. ముప్పై ఏళ్ళయినా నిండకముందే భర్త పోయాడు. పిల్లలు లేరు. సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి, తన జీతం మీద తాను బతికింది. భర్త దినాల నాడు తీసేసిన బొట్టు, గాజులు, పూలు మళ్ళీ ఆమె ఒంటి మీదికి రాలేదు. చీరలన్నీ మట్టిరంగువి, బూడిదరంగువి. ఈ కాలంలో కూడా ఇంత పట్టింపు ఉందా అని మీరు అడగొచ్చు. ఉంది. మా దగ్గర నోరు తెరిచి వద్దని ఎవరూ అనరు. పెళ్ళిలో అక్షింతల పళ్ళెం ఆమె దాకా వచ్చి పక్కకు తిరుగుతుంది, అంతే. ఒడిబియ్యం పోసే చోట ఆమె తోడికోడలు చెవి దగ్గర మెల్లగా "అక్కా, నువ్వు లోపల కూసోరాదు, ఈడ ఎండ కొడ్తుంది" అంటుంది. పచ్చని పందిరి కింద ఎండ ఎక్కడిదమ్మా?

అట్లాంటి మనిషి రిటైరయ్యాక విమానాల వెంట పడింది.

బడి పిల్లలను విహారయాత్రకు తీసుకుపోయినప్పుడల్లా హైదరాబాద్‌లో పాత విమానాలు పెట్టిన మ్యూజియం ఒకటి తప్పకుండా చూపించేది. ఉద్యోగం అయిపోయాక తానే వాళ్ళ దగ్గరకు పోయి, వచ్చే పిల్లలకు తెలుగులో విడమరచి చెప్పే మనిషి కావాలా అని అడిగింది. జీతం ఇవ్వలేమన్నారు. "జీతమిస్తమంటే నేనే రాకపోదును. మళ్ల హాజరుపట్టీల సంతకం పెట్టుమంటరు" అందట. అప్పటినుంచి శనివారం పొద్దున మొదటి బస్సు ఎక్కేది. సద్ది డబ్బాలో రొట్టె, పచ్చడి. బస్సు దిగేదాకా పక్క సీటువాళ్ళకు విమానం రెక్క అట్లా ఎందుకు వంగి ఉంటుందో చెప్పేదట. పాపం, వాళ్ళు కిటికీ వైపు తిరిగి నిద్ర నటించేవాళ్ళు.

ఒకసారి నేనూ వెంట పోయాను. ఏదో పల్లె బడి పిల్లలు వచ్చారు. ఒక పిల్ల భయం భయంగా ఇంజను ముందరి పంకాను చూసి "టీచర్, గిది ఇంక ఎగురుతదా?" అని అడిగింది. మా అత్త నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎగిరేది ఎగిరొచ్చింది. ఎట్ల ఎగిరిందో చెప్పుడు నా పని, ఇనుడు నీ పని. దా ఇటు" అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని రెక్క కిందికి తీసుకుపోయింది.

తిరుపతికి ఒక్కసారే విమానంలో పోయింది. కిటికీ పక్క సీటు దొరికింది, కానీ సరిగ్గా రెక్క మీదికి. వెంట వచ్చిన టీచర్లంతా "అయ్యో, నీకు ఏం కనబడకపాయె" అని జాలిపడ్డారట. "ఏం కనబడలే అంటరేంది? రెక్క తెరుసుకునుడు, మూసుకునుడు కండ్లార సూసిన. మబ్బుల్ని ఎవలైన సూస్తరు" అని నెల రోజులు అందరికీ చెప్పింది.

పిల్లలు మాట వినాలంటే వేషం ఉండాలని ఆమెకు తట్టింది. వెనకటి రోజుల పైలట్‌లా తోలుకోటు వేసుకుని చెబుతానంది. తోలు ఎక్కడ దొరుకుతుంది? మా బాన్సువాడలో ట్రాక్టర్ సీట్లు కుట్టే షాపుకు పోయి గోధుమరంగు రెగ్జిన్ ఇమ్మంది. అతను "ఏ ట్రాక్టర్‌కమ్మా?" అన్నాడు. "ట్రాక్టర్‌కు గాదు, నాకు. కొలతలు తీస్కో" అంది. అతను టేపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. చివరికి ఆమే ఇంట్లో మిషన్ మీద కుట్టుకుంది. కళ్ళకు వెల్డింగ్ అద్దాలు, మెడకు ఎర్ర మఫ్లర్. ఆ మెడను ఎర్రరంగు తాకడం భర్త పోయాక అదే మొదలు. నేను గమనించాను. ఆమె గమనించనట్టు ఉంది.

ఆ మ్యూజియంలోనే ఆమెకు వేషాల పిల్లలు తగిలారు. తమకు నచ్చిన సినిమాల్లో, బొమ్మల కథల్లో ఉండే పాత్రల్లాగా బట్టలు కుట్టుకుని, రంగులు పూసుకుని, ఒకచోట కలిసే పిల్లలు. కాస్‌ప్లే అంటారు దాన్ని. విమానం పక్కన ఫొటో దిగడానికి వచ్చారు. మా అత్త వాళ్ళను కింది నుంచి మీదికి చూసి "ఏ ఊరి పగటివేషగాండ్లురా మీరు?" అంది. వాళ్ళు నవ్వి, ఈమె కోటు చూసి, ఎవరు కుట్టారని అడిగారు. ఇంకేముంది? నెల తిరిగేసరికి వాళ్ళ కలయికలకు ఈమెకు పిలుపు. వాళ్ళకూ ఈమె అత్తే అయింది.

పైలట్ వేషం తర్వాత వేరే గ్రహానికి రాణిని అవుతానంది. రాణి అంగీకి అద్దాలు కుట్టడానికి సోనీబాయిని పిలిచింది. సోనీబాయిది జుక్కల్ దిక్కు తండా. మా అత్త పనిచేసిన బడిలో ఆయాగా ఉండేది. అద్దాలు కుట్టడంలో ఆమెది తిరిగిన చెయ్యి. ఇద్దరూ మా అత్త ఇంటి వసారాలో కూర్చుని కుడుతుంటే నేను చాయ్ పెట్టి ఇచ్చాను. అంగీ అయింది, కిరీటం అయింది. సోనీబాయి దూరం జరిగి చూసి, పెదవి విరిచింది.

"గాజులు లేని రాణి ఏడనన్న ఉంటదా టీచరమ్మా?"

మా అత్త సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. తర్వాత చాలా చిన్నగా "మరి బొట్టు?" అని అడిగింది. అరవై దాటిన మనిషి, వందలమంది పిల్లలకు చదువు చెప్పిన మనిషి, బొట్టు పెట్టుకోవచ్చా అని సోనీబాయిని అడిగింది!

"రాణికి వద్దనేటోడు ఎవడు?" అంది సోనీబాయి.

ఆ మాట మా అత్తకు మంత్రంలా పనిచేసింది. ఆ కలయికకు నేనూ పోయాను. మోచేతుల దాకా ఎర్రగాజులు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, జడ నిండా పూలు. అద్దం ముందు నుంచి కదలదే! పిల్లలు ఫొటోలకని లాగుతుంటే "ఆగుండ్రిరా, జర సూసుకోనియ్యిండ్రి" అంటోంది. ఆమె ఇంత అందగత్తె అని నాకు ఆ రోజు తెలిసింది. అయితే బస్సు టైముకు బాత్‌రూంలోకి పోయి అన్నీ తీసేసింది. గాజులు పాత గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టింది. నుదురు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. ఎర్రబడిన నుదురుతో, బూడిదరంగు చీరతో వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. తన నుదుట తాను బొట్టు పెట్టుకోవాలంటే ఈ మనిషి వేరే గ్రహానికి పోవాలి! ఇదెక్కడి న్యాయం?

అదే అడిగాను. ఇంట్లో కూడా పెట్టుకో, ఎవడేం చేస్తాడో చూద్దాం అన్నాను. "కోడలా, ఎగురుడు అందరికి కావాలె. దిగుడు రానోడు పైలట్ గాడు" అని నవ్వింది. ఎంత మంచి మాట అని మీకు అనిపించొచ్చు. నాకు మాత్రం ఆ మాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఎప్పుడూ ఆమే ఎందుకు దిగాలి?

ఫొటోలు దాగుతాయా? ఆమె అత్తగారింటి వైపు కుర్రాడొకడు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు, ఎక్కడో చూసి గ్రూపులో పెట్టాడు. మర్నాడే ఆమె మరిది వచ్చాడు. కిరీటం గురించి అడగలేదు, అద్దాల అంగీ గురించీ అడగలేదు.

"మా అన్న పోయినంక ఇన్నేండ్లు మంచిగనే ఉంటివి గద వదినె. ఇప్పుడు ఆ పూలేంది, ఆ గాజులేంది? నలుగుట్ల మా ఇజ్జత్ ఏమైతది?"

"ఫికర్ జెయ్యకు మరిదీ," అంది మా అత్త, చాయ్ గ్లాసు ముందుకు జరిపి. "పూలు ప్లాస్టిక్‌యి. మీ అన్నకేం దోషం తగలది."

ఆయన చాయ్ తాగకుండానే లేచిపోయాడు. ఆమె మాత్రం ఆ శనివారం కూడా మొదటి బస్సే ఎక్కింది.

అట్లాంటి మనిషిని ఎట్లా సాగనంపారో చెబుతాను.

ఆడమనిషి పోతే ఆఖరి చీర పుట్టింటివాళ్ళు పెట్టాలి. అది మా హక్కు, ఎవరూ కాదనలేరు. నేను, నాన్న బజారుకు పోయాం. నేను ఆకుపచ్చ అంచున్న ఎర్రచీర తీశాను. నాన్న దాన్ని చేత్తో తడిమి, మడిచి, పక్కన పెట్టాడు. "వద్దు బిడ్డా. గొడవైతది. ఇయ్యాల మా అక్క మీద గొడవ వద్దు" అన్నాడు. బూడిదరంగు చీర తీసుకున్నాడు. షాపువాడి ముందే నాన్న మీద అరిచాను. "నీ అక్క బూడిదైపోతుంటే బట్ట గూడ బూడిదదే పెడ్తవా?" అన్నాను. ఆయన తల దించుకుని చీర సంచిలో పెట్టుకున్నాడు. మా నాన్న వరిపొలం మనిషి. జీవితంలో ఎవరికీ ఎదురుచెప్పి ఎరగడు.

ఇంటికొచ్చి బొట్టు పెడదామన్నాను. తోడికోడలు నా వంక చూసి "నీకేమన్న పిచ్చి లేసిందా?" అంది. పూలంటే అదీ కుదరదంది. సరే, చచ్చినదానితో కొట్లాడలేక బతికినదానితో కొట్లాడుతోంది అనుకుని పళ్ళు బిగపట్టాను.

వాకిట్లో నాలుగు చీరలు అడ్డం పట్టి స్నానం చేయించారు. కాళ్ళ మీద నీళ్ళు పోస్తున్న తోడికోడలు ఒక్కసారి చెంబు కింద పడేసింది.

"ఓ అవ్వ! గిదేందే?"

వంగి చూశాను. మా అత్త కాలిగోళ్ళకు రంగుంది. మామూలు రంగు కాదు. పండు మిరపకాయ రంగు, మీద మెరుపులు. ఆదివారం హైదరాబాద్‌లో వేషాల కలయికకు పోయినప్పుడు ఆ పిల్లలు వేసి ఉంటారు. చేతిగోళ్ళవి బస్సు ఎక్కేముందు గీకేసుకుంది. కాళ్ళవి ఉంచుకుంది.

"తుడువుండ్రి, తుడువుండ్రి. మొగోళ్ళు సూస్తే ఏమనుకుంటరు?" అని ఒకటే గోల. తడిగుడ్డతో రుద్దారు, పోలేదు. ఎవరో మోటారుబండి నుంచి పెట్రోల్ తీసి సీసాలో పట్టుకొచ్చారు. దాంతో తోమారు. అది పక్కా రంగు, పోతుందా? ఆఖరికి ఒక ముసలామె బ్లేడు తెమ్మంది. బ్లేడు! చచ్చిపోయిన మనిషి గోళ్ళు బ్లేడుతో గీకడానికి!

నేను ఆ నీళ్ళల్లోనే కూలబడి రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకున్నాను. "ముట్టండి. ఎవరు ముడతారో ముట్టండి, చూస్తా" అన్నాను. పెట్రోల్ వాసనలో, ఆ చల్లని పాదాల మీద పడి అప్పుడు ఏడ్చాను. ఎవరూ ముట్టలేదు. "చీర కిందికి గుంజి కప్పుండ్రి, పాడె మీద కనబడది" అని తోడికోడలు తీర్పు చెప్పింది. రెండు బొటనవేళ్ళూ కలిపి దారంతో కట్టి, బూడిదరంగు చీర లాగి కప్పారు.

పాడె లేచింది. కాళ్ళ వైపు కుడిభుజం మా నాన్నది, పక్కన మరిది. ఆడవాళ్ళు మూలమలుపు దాకే రావాలన్నారు. నేను వినలేదు, పక్కనే నడిచాను. మెయిన్‌రోడ్డు ఎక్కేచోట గుంతలో ఎవరి కాలో తడబడి పాడె కుదిలింది. చీర మడమల మీదికి జరిగిపోయింది. మధ్యాహ్నపు ఎండ నేరుగా ఆ గోళ్ళ మీదే పడింది. షాపుల ముందు నిలబడి దండం పెడుతున్నవాళ్ళ చూపులన్నీ అక్కడే ఆగాయి. మరిది గబుక్కున చెయ్యి చాపి చీర అంచు పట్టుకోబోయాడు.

మా నాన్న పాడెను భుజం మీద అట్లాగే ఉంచి, రెండో చేత్తో ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనియ్యి బావా" అన్నాడు. మరిది విదిలించుకోబోయాడు. నాన్న వదల్లేదు. మంజీర ఒడ్డున శ్మశానం దిక్కు తిరిగేదాకా, బజారంతా చూస్తుండగా, ఆ చెయ్యి పట్టుకునే నడిచాడు. వాళ్ళిద్దరి మధ్య మా అత్త గోళ్ళు ఎర్రగా మెరుస్తూ ముందుకు పోతున్నాయి.