రెండు స్ప్రింగులూ ప్రదక్షిణంగానే

సెల్‌ఫోను జేబులో కంటే నలుగురికీ కనబడేలా చేతిలోనే ఎక్కువగా ఉండే రోజుల్లో, తెనాలిలో నాకో చిన్న షెడ్డుండేది. దుకాణాల షట్టర్లకు స్ప్రింగులు తయారుచేసేవాళ్లం. గోడగడియారంలో చుట్టగా ఉండే స్ప్రింగు లాంటిదే, కాకపోతే బాగా పెద్దది. షట్టర్ దించుతుంటే అది బిగుసుకుంటుంది. ఎత్తేటప్పుడు ఆ బిగువే బరువు మోస్తుంది. లెక్క కుదిరితే షట్టర్‌ని ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. ఆ లెక్క ఎవరిక్కావాలి? "ఇంకో రెండు చుట్లు ఎక్కువెయ్యండి, ఏం పోయింది?" అనేవారు, పెసరట్టులో ఉల్లిపాయలు అడిగినట్టు.

ఒకరోజు రేపల్లె నుంచి ఒకావిడ వచ్చింది. భర్త పోయాడు, చీరల కొట్టు పెడుతోంది. ఆవిడకి అది బొత్తిగా కలిసిరాదని అత్తవారి తరఫు వాళ్లు అప్పటికే తేల్చేశారు.

"మొదటిరోజు షట్టర్ తేలిగ్గా లేవాలండి. లేవకపోతే నా మొహం చూసే లేవలేదంటారు" అంది.

నవ్వుతూనే అంది గానీ, నాకు ఒళ్లు మండింది. షట్టర్ బరువు, ఎత్తు అన్నీ కొలిచి, షట్టర్ చుట్టుకునే పైపుకి ఈ చివరొకటి, ఆ చివరొకటి, రెండు స్ప్రింగులు నేనే దగ్గరుండి చేయించాను. బిగించి రమ్మని ఫిట్టర్ని ముందుగా పంపి, ముహూర్తం రోజు పొద్దున్నే రేపల్లె రైలెక్కాను.

షట్టర్ ఎత్తే గౌరవం ఆవిడ బావగారిది. బాపట్లలో సైన్సు మాస్టారు. కొబ్బరికాయ కొట్టి, కండువా సవరించుకుని ఎత్తారు. మోకాలెత్తు లేచి, ఢామ్మని కిందపడింది షట్టర్. బంధువులు ఇద్దరు చెయ్యేశారు. మళ్లీ అంతే.

"నే ముందే చెప్పానా!" అంది వెనకనుంచి ఒక గొంతు. ఆవిడ గోడవారగా నిలబడి నేల చూస్తోంది.

"ఏంట్రా ఇది?" అన్నాను ఫిట్టర్‌తో.

"కుడిపక్క స్ప్రింగు తిప్పి బిగించమన్నారండి మాస్టారు. ఎడంపక్కది ప్రదక్షిణంగా ఉందంట, కుడిపక్కది అపసవ్యంగా ఉందంట. అపసవ్యం తద్దినాలకండీ, కొట్టుకి కాదన్నారు."

"మరి ఎత్తి చూడలేదా?"

"ముహూర్తానికి ముందు ఎత్తకూడదన్నారండి."

అంటే ఒక స్ప్రింగు పైకి లాగుతుంటే, రెండోది కిందికి లాగుతోంది. రెండూ ప్రదక్షిణంగానే!

"మాస్టారూ, బండి చక్రాలు ఈ పక్కనుంచి చూస్తే ఇటు, ఆ పక్కనుంచి చూస్తే అటు తిరుగుతాయి. అలాగని ఒకదాన్ని వెనక్కి తిప్పుతామా?" అన్నాను.

"సైన్సు బళ్లో చెప్పుకునేదండి. ఇది శుభకార్యం" అన్నారాయన.

ఇంతలో ముహూర్తం దాటిపోయింది. ఇవాళ్టికి యోగం లేదని తీర్మానించి, అందరూ కొట్టు వెనకే ఉన్న ఆవిడ ఇంట్లో ఆవిడ చేయించిన ఉప్మా తింటూ ఆవిడ జాతకం విప్పడానికి వెళ్లారు. మేమిద్దరం ఆ స్ప్రింగు బిగువు జాగ్రత్తగా వదిలించి, తిప్పి బిగించాం.

"అయిందమ్మా. ఎత్తడానికి ఎవరినైనా పిలవండి" అన్నాను.

ఆవిడ వీధి అటూ ఇటూ చూసి, కొంగు నడుముకి దోపి, తనే వంగి ఎత్తింది. సగంలో వదిలి చూసింది. ఆగింది. ఒక్క చేత్తో పైదాకా తోసింది.

చప్పుడు విని అందరూ పరుగున వచ్చారు. మాస్టారు చెయ్యి తుడుచుకుంటూ, "చూశారా! నేను ప్రదక్షిణంగా పెట్టించబట్టే ఇంత తేలిగ్గా లేచింది" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా ఆవిడే అందుకుంది.

"అవునండి బావగారూ, అంతా మీ చలవే. రండి, కూర్చోండి. బోణీ మీరే చెయ్యాలి. బోణీ వేళ కొట్టులోంచి ఉత్తచేతుల్తో వెళ్తే అరిష్టం కదండీ, మీకు తెలియనిదేముంది."

నలుగురూ చూస్తున్నారు. మాస్టారు గతిలేక కూర్చున్నారు. ఆవిడ నూలుచీరల వైపైనా చూడకుండా, పట్టుచీరల కట్ట విప్పింది.