గంపగుండు బొట్టు చెరిపింది నేనే

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే జాలిపడతారేమో, వద్దు. నా మీద పడిన బరువు కొంచెమే. మిగతాదంతా ఒక ఆడమనిషి నెత్తిన పెట్టాను. ఆ సంగతి మీకైనా చెప్పేయాలి.

కుందుర్పి వైపు నుంచి మా ఊరికి వచ్చేవాళ్లకు ముందుగా కనిపించేది గంపగుండు. సన్నటి బండ మీద పెద్ద గుండు, అచ్చం గంప ఎత్తుకున్న మనిషిలాగా. విత్తనం వేసే ముందు ఊరి ఆడవాళ్లు దానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, వాన రావాలని కడివెడు నీళ్లు పోసేవాళ్లు. ఇప్పుడక్కడ ఉన్నది పెద్ద గుంత. అయినా బస్సు కండక్టరు ఇంకా 'గంపగుండు, గంపగుండు' అనే అరుస్తాడు. ఆ కేక వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఎవరి మీద? వాడి మీదైతే కాదు.

రాయి తవ్వుకోవడానికి ఆ గుండున్న గుట్టను ఇమ్మని క్వారీ వాళ్లు సర్కారును అడిగారు. పూజలందుకునే రాయని తేలితే అనుమతి రాదు. వాళ్ల మనిషి నన్ను పక్కకు పిలిచి, గురువారం గనుల ఆఫీసు సారు చూడటానికి వస్తాడు, ఆలోపు పసుపూ కుంకుమా కనపడకుండా చెయ్యి, టిప్పర్ డ్రైవర్ పని నీదే అన్నాడు. వరసగా వేరుశనగ ఎండిపోయిన రోజులవి. కరువు వల్ల చేశానని రాసుకుంటే బాగానే ఉంటుంది. థూ. కరువు ఊరందరికీ వచ్చింది. బ్రష్షు పట్టుకుని పోయింది నేనొక్కణ్ణే.

బుధవారం పొద్దున బకెట్టుతో పోయి రుద్దుతున్నాను. మా వీధి తిమ్మక్క కట్టెలకు వచ్చి చూసింది. కూలి చేసుకునే మనిషి, భర్త లేడు.

"ఏమప్పా, గుండు కడుగుతాండావా?"

"ఊఁ అక్కా. మురికి పట్టినాది."

"మంచి పని చేస్తాండావు. ఈ ఊర్లో ఒగనికన్నా బుద్ధి పుట్టినాది. ఉండు, నేనూ నీళ్లు తెస్తా. శుక్రవారం ముత్తైదువల్ని పిల్చకొచ్చి బొట్టు పెట్టిస్తా."

కొళాయి నాలుగు రోజులకొకసారి వచ్చే నెల అది. తాను తాగే నీళ్లు రెండు కడవలు మోసుకొచ్చింది. పైన ఆమె పోస్తే కింద నేను రుద్దాను. అప్పుడైనా ఆగొచ్చు కదా? పైగా పని త్వరగా అవుతోందని సంతోషపడ్డాను. నేనూ ఒక మనిషినేనా?

గురువారం సారు వచ్చి, పూజ ఆనవాళ్లు లేవని రాసుకుని పోయాడు. శుక్రవారం తిమ్మక్క ముత్తైదువలను తీసుకొస్తే, క్వారీ వాళ్లు కంచె వేసి దగ్గరికి రానివ్వలేదు. నెల తిరక్కముందే గుండును పేల్చేశారు. ఆ ముక్కలను టిప్పర్‌లో తోలింది నేనే.

ఆ ఏడు వాన రాలేదు. బొట్టు చెరిపి మళ్లీ పెట్టనందుకే గుండులోని అమ్మ అలిగి పోయిందని ఊరు తేల్చేసింది. తిమ్మక్క కడవతో గుట్ట ఎక్కడం ఎవరో చూశారట. "మొగున్ని మింగింది, ఇప్పుడు గుండునూ మింగింది" అని కొళాయి దగ్గర ఆమె మొహానే అన్నారు. మందు పెట్టి పేల్చినవాళ్లను మాత్రం ఒక్కడూ ఒక్క మాట అనలేదు. ఏం ఊరండీ ఇది? విత్తనాల రోజుల్లో ఆమెను ఇప్పటికీ ఎదురు రానివ్వరు, చేలోకి కూలికి పిలవరు.

ఇంత జరిగినా ఆమె నా పేరు బయటపెట్టలేదు. నేను భక్తితోనే కడిగానని నమ్మింది. మంచికి పోయినవాణ్ణి ఈ రొచ్చులోకి లాగడమెందుకని నాతోనే ఒకసారి అంది. నేను తల ఊపి ఇంటికి వచ్చాను, అన్నం కూడా తిన్నాను.

ఇది రాస్తుంటే గుండె తేలికవుతోంది. అందుకూ నా మీద నాకు కోపమే. తేలికవుతున్నది నాకు, ఆమెకు కాదు. ఈ పొద్దున కూడా ఆమె కడవ పట్టుకుని, కొళాయి దగ్గర అందరూ పోయేదాకా దూరంగా నిలబడింది. చూసి వచ్చి ఈ కాగితం ముందు కూర్చున్నాను. తిమ్మక్క పేరు రాయడానికి చెయ్యి తడబడలేదు. నా పేరు ఇంకా రాయలేదు.