ముందుకు నోరు తెరిచిన బ్రేకు

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. ఒక బ్రేకు ముచ్చట చెబుతాను. మీ ఇంట్లో సైకిల్ తొక్కేవాళ్లుంటే వాళ్లనూ పిలవండి.

కరోనా తగ్గి బళ్లు మళ్లీ తెరిచిన ఏడాది. మెదక్‌లో కోట వైపు పోయే తోవలో మా సైకిల్ దుకాణం. మా ఆయన మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి నట్లు విప్పే పానాలు నా చేతికి వచ్చాయి. ఆయన కుర్చీలో కూర్చుని మాటసాయం చేస్తాడు, అడగకపోయినా.

ఒక శనివారం పొద్దున, చర్చి వెనక ఇళ్లలో ఉండే ప్రిసిల్లా వచ్చింది. బడిలో ఆటలు నేర్పే టీచరు. వెంట వాళ్లమ్మ సరోజ. తెచ్చింది రోడ్ బైక్. సన్నని టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్, పందేలకు తొక్కే బండి. డబ్బాలో విడివిడిగా వస్తే వాళ్లన్న ఇంట్లోనే బిగించాడట. మరునాడే హైదరాబాదులో పందెం. ఏడాదిగా కిరాయి సైకిల్ మీద తయారైంది ఆ పిల్ల.

“పెద్దమ్మా, ముందటి చక్రం బ్రేకు తీగ జర గుంజి కట్టు. మధ్యాహ్నం బయలుదేరాలె,” అంది.

ఈ బండికి బ్రేకు వేసేదాన్ని క్యాలిపర్ అంటారు. చక్రానికి అటూ ఇటూ రెండు చేతులు చాచిన పట్టుకారు అనుకోండి. ఒక్కో చేతి చివర ఒక ప్యాడ్, అంటే రబ్బరు ముక్క. లివర్ నొక్కితే రెండు ప్యాడ్లూ రిమ్మును పట్టుకుంటాయి. నేను తీగ గుంజి, క్యాలిపర్‌ను సరిగ్గా నడిమికి తెచ్చి, నట్టు బిగించాను. లివర్ నొక్కితే గట్టిగా పట్టింది.

ప్రిసిల్లా ఎక్కబోయింది. నేను సీటు పట్టుకున్నాను. మా మామ పెట్టిన పద్ధతి ఒకటి ఉంది మా దుకాణంలో. బ్రేకు కట్టాక, మనిషి ఎక్కకముందే బండిని కోట కింది ఏటవాలులో ఉరికించి చూడాలి.

“నొక్కితే పట్టింది గదా పెద్దమ్మా!”

“నిలవడ్డ బండిని ఇటుకపెళ్ల గూడ ఆపుతది బిడ్డా,” అన్నాడు మా ఆయన కుర్చీలోంచి. “ఉరికేదాన్ని ఆపాలె.”

నేనూ ప్రిసిల్లా చెరోవైపు పట్టుకుని బండిని దిగువకు ఉరికించాం. “నొక్కు!” అన్నాను. చక్రం పట్టినట్టే పట్టి జారిపోయింది. ఏదో ఎగిరి నా కాలి ముందు పడింది. నల్లటి రబ్బరు ముక్క. ప్యాడ్ ఉండాల్సిన చోట వట్టి తొడుగు. బండి ఇంకా పోతూనే ఉంది, సీటు పట్టుకుని ఇద్దరం వెనక్కి గుంజితే ఆగింది.

అగ్గిపెట్టె అర ఎట్లా జారుతుందో మీకు తెలుసు. ఈ ప్యాడ్ కూడా తొడుగులోకి అట్లాగే జారుతుంది. తొడుగుకు ఒక కొస మూత, ఒక కొస నోరు. తిరిగే చక్రం రబ్బరును ముందుకు ఈడుస్తుంది కాబట్టి మూత ముందుకు ఉండాలి. వాళ్లన్న కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగించాడు. నోరు ముందుకొచ్చింది. ప్యాడ్‌ను పట్టుకునే గోరంత స్క్రూ కూడా వదులే.

సరోజ మొహంలో రక్తం లేదు. “చాలు. పందెం లేదు, ఏం లేదు. ఇంటికి నడువు.”

“అమ్మా, ఏడాది సంది కష్టపడుతున్న.”

“నీకు పందెం ఏడాది సంది. నాకు నువ్వు పుట్టినకాడికెల్లి.”

నేను తొడుగులు విప్పి ప్రిసిల్లా చేతికే ఇచ్చాను. “రేపు ఆడ నేనుండ. నీ చేత్తోనే బిగియ్యి.” ఊడిన రబ్బరును తొడుగులోకి జార్చి, గోరంత స్క్రూ గట్టిగా తిప్పి, ఎటుది అటు మూత ముందుకు వచ్చేటట్టు తనే బిగించింది. రబ్బరు టైరుకు తగలకుండా రిమ్ముకే తగిలేటట్టు చూసింది. వెనక బ్రేకు కూడా చూశాం, అది బాగానే ఉంది. మళ్లీ మళ్లీ ఉరికించాం. ప్రతిసారీ బండి నిలబడింది.

అప్పుడు సరోజ నా చెయ్యి పట్టుకుంది. “అక్కా, నిజం చెప్పు. నీ బిడ్డయితే పంపుదువా?”

చూసినదాని గురించి చెప్పగలను. చూడనిది ఇంకేమైనా ఉంటే? ఇంకోసారి ఉరికించాను. నిలబడింది.

“పంపుత,” అన్నాను.

అనడం అన్నాను గానీ, ఆదివారం నా ప్రాణం నా దగ్గర లేదు. పొద్దుటి నుంచీ ఫోను చూడటమే పని.

“దాన్ని గట్ల చూస్తే గుడ్డు పెడుతదా?” అన్నాడు మా ఆయన. అన్నాడే గానీ ఆయనా అన్నం కెలికి వదిలేశాడు.

మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది.

“పెద్దమ్మా, ఆగిన!”

“ఏమైంది బిడ్డా?”

“జోరుగ దిగుతుంటే ముందటాయన పడ్డడు. నొక్కిన. ఆయన మీదికి పోకుంట ఆగిన.”

“ఆగిందట,” అని మా ఆయనకు చెప్పాను. మళ్లీ ఫోను చెవికి పెట్టుకున్నాను. “ఎన్నో నంబరొచ్చింది మరి?”

“గది అడగకు పెద్దమ్మా,” అని నవ్వింది.

ఇప్పటికీ ఎవరి బండి అయినా, ఎంత తొందరలో ఉన్నా, ఊరికే నొక్కి చూసి పంపను. ఉరికించే చూస్తాను. తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఇంతసేపు విన్నారు, మీ ఇల్లు చల్లగుండాలి. మీ గడప దాటి పోయినవాళ్లు ఆగాల్సిన చోట ఆగి, పొద్దు గూకకముందే నవ్వుకుంటూ మీ వాకిట్లో దిగాలి.