మీ ఇంట్లో ఎంతమంది?

సకల జనుల సమ్మె జరిగిన ఏడాది, కొత్తగూడ చౌరస్తా దగ్గర ఒక జిరాక్స్ షాపు పైనున్న రేకుల గదిలో గోవిందప్ప సారు ఇంగ్లిష్ నేర్పేవారు. హిందూపురంలో ముప్పై ఏళ్లు హైస్కూలు టీచరుగా చేసి రిటైరై, మణికొండలో ఉన్న కొడుకు హేమంత్ దగ్గరికి వచ్చారు. రెండు నెలలు టీవీ చూశాక ప్రాణం విసిగి ఆ గది తీసుకున్నారు. నేను కడప నుంచి డిగ్రీ పట్టా పట్టుకుని ఉద్యోగం కోసం వచ్చినదాన్ని. నా పట్టా ఇంగ్లిష్‌లోనే ఉంది, నాకే రాదు.

మొదటి రోజు ఆయన మా కుటుంబం గురించి చెప్పమన్నారు. ముప్పై మందిమి ఒకరి తర్వాత ఒకరం లేచి, "వీ ఆర్ ఫోర్ మెంబర్స్ ఇన్ మై ఫ్యామిలీ" అని అప్పజెప్పాం. కింద జిరాక్స్ షాపులో అమ్మే ఇంటర్వ్యూ జవాబుల కాగితంలో అలాగే ఉంది మరి. అమ్మ, నాన్న, నేను, ఒక తమ్ముడు. మా అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే. అయినా నోరు తిరిగిన పాపానికి లేని తమ్ముడిని ఏడో తరగతి దాకా చదివించాను.

సారు అందరూ అయ్యేదాకా ఓపిగ్గా విన్నారు. "ఏమప్పా, ఇన్ని ఊర్ల నుంచి వచ్చినారు. అందరిండ్లలోనూ నలుగురేనా? జనాభా లెక్కలోళ్లకు మీ అంత మంచోళ్లు ఇంకెక్కడా దొరకరు" అన్నారు. క్లాసంతా నవ్వింది. జ్యోత్స్న ఒక్కతే నవ్వలేదు.

జ్యోత్స్నది నల్లగండ్ల. మాదాపూర్‌లో ఒక కంపెనీ నాలుగో అంతస్తు ఊడ్చి తుడిచే పని. ఆ అంతస్తులోనే హెల్ప్‌డెస్క్ కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది, ఇంటర్ పాసైన మా హౌస్‌కీపింగ్ వాళ్లు కూడా ప్రయత్నించొచ్చు అన్నారట పైవాళ్లు. ఆమె రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ "నలుగురం" అంది, తమ్ముడేం చేస్తాడని వాళ్లు అడిగారు, నోరు పడిపోయింది. మూడోసారి అక్టోబరులో. అదే ఆఖరు.

అప్పుడు మా క్లాసు కూడా ఊరిలాగే ఉండేది. కిటికీ వైపు బెంచీల్లో ఇక్కడి వాళ్లు, తలుపు వైపు మేము. నీళ్ల గురించి మాట్లాడమన్నా, సినిమాల గురించి మాట్లాడమన్నా పది నిమిషాల్లో తెలంగాణ ఇవ్వాలా వద్దా అన్న దగ్గరికే వచ్చి తేలేవాళ్లం. సారు ఆలోచించి, ఎవరికీ తగవు రాదనుకుని, చిన్న కుటుంబమా పెద్ద కుటుంబమా అన్న చర్చ పెట్టారు. దానికో నియమం. ఎదుటివాడు ఏమన్నాడో ముందు మనం ఇంగ్లిష్‌లో చెప్పాలి, అవును నేనన్నది అదే అని వాడు ఒప్పుకోవాలి, తర్వాతే మన జవాబు. మధ్యలో సారు డస్టరు బల్ల మీద కొడితే ఇటువాళ్లు అటు మారి, ఇంతసేపూ కాదన్నదాన్నే అవుననాలి.

మొదటి రోజే నితీష్ లేచి, పెద్ద కుటుంబంలో ఒక అన్న అందరి వాటా తింటుంటే మిగిలినవాళ్లు వేరుపడక ఏం చేస్తారన్నాడు. నితీష్ కొండాపూర్ వాడు, రోజూ ధర్నా నుంచి నేరుగా క్లాసుకొచ్చేవాడు. సారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. ఆపలేదు మాత్రం. "స్వాతీ, అతను ఏమన్నాడో నువ్వు చెప్పు" అన్నారు. వాడి బాధను నా వచ్చీరాని ఇంగ్లిష్‌లో మూడుసార్లు చెప్తే గాని వాడు తల ఊపలేదు. నాకు ఒళ్లు మండింది. కానీ అంతకుముందెప్పుడూ వాడు చెప్పేది చివరిదాకా వినలేదని ఆ పూటే తెలిసింది.

రెండో వారం జ్యోత్స్న వంతు వచ్చింది. ఇద్దరు పిల్లలే చాలు అన్న వైపు వాదించమన్నారు సారు. ఆమె లేచింది. తర్వాత ఒక్కో మాటా కూడబలుక్కుంటూ ఇంగ్లిష్‌లో చెప్పింది. మేము ఐదుగురు ఆడపిల్లలం. నేను ఐదోదాన్ని. సారు చెప్పమన్నది నిజమైతే నేను పుట్టకూడదు. అది నేనే, నా నోటితో చెప్పాలి.

అంతే. కూర్చోలేదు.

గోవిందప్ప సారు డస్టరు కింద పెట్టి, మా అందరి ముందూ చేతులు జోడించారు. "తప్పు నాదమ్మా. ఎవరింట్లో ఏముండాదో చూసుకోకుండా వైపులు పంచేసినాను. నన్ను క్షమించు" అన్నారు. అరవై ఏళ్ల పెద్దమనిషి. మా ఊళ్లో ఏ మేష్టారూ ఏ పిల్లకూ అలా చేతులు జోడించగా నేను చూడలేదు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు గౌరవం కాదు, భక్తి.

"గట్లనకండి సార్. డస్టర్ కొట్టండి, ఇగ అటు మారుత" అంది జ్యోత్స్న.

సారు కొట్టారు. నాలుగు నిమిషాలు మాట్లాడింది ఆ పిల్ల. పెద్దక్క పుస్తకాలు ఐదుగురూ చదివిన సంగతి, నాయనమ్మ మంచాన పడితే వంతులేసుకుని చూసుకున్న సంగతి. తప్పులు లెక్కలేనన్ని. సారు ఒక్కటీ దిద్దలేదు.

ఇంటర్వ్యూ రోజున బంద్. ఆటో లేదు, బస్సు లేదు. నల్లగండ్ల నుంచి కొత్తగూడ దాకా ఆమె నడిచే వచ్చింది. అక్కడి నుంచి సారు, నేను తోడు నడిచాం. చౌరస్తాలో జెండా పట్టుకుని రోడ్డుకడ్డంగా కూర్చున్నవాళ్లలో నితీష్ ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. "మా చెల్లె కొలువు కోసం పోతుంది, జర తొవ్వ ఇడువుండ్రి" అని పక్కవాళ్లకు చెప్పి, కంపెనీ గేటు దాకా మా వెంటే వచ్చాడు.

ముప్పావు గంట తర్వాత జ్యోత్స్న బయటికొచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. "గదే అడిగిన్రు సార్. ఎనిమిది మందిమని చెప్పిన. అందరి పేర్లు చెప్పిన" అంది. అంతదూరం నడిచి కాళ్లు పీక్కుపోతున్నాయేమో, సారు గేటు పక్క గట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నారు.

వారం తర్వాత ఉద్యోగం వచ్చిందన్న కబురుతో పాటు వాళ్లమ్మ భాగ్యమ్మను కూడా క్లాసుకు తీసుకొచ్చింది. ఆమె ఒక స్టీలు డబ్బాలో సకినాలు పట్టుకుని, చెప్పులు మెట్ల కిందే విడిచి, తలుపు దగ్గర నిలబడింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"సార్, ఆడ మా గురించి ఇంగ్లిష్‌ల ఏందో చెప్పిందంట. అడిగితే చెప్తలేదు. జర మీరన్న చెప్పుండ్రి" అంది.

జ్యోత్స్న తల దించుకుంది. ఆ మాటల్ని ఇంటర్వ్యూ రోజు కంపెనీ గేటు నుంచి వెనక్కి నడిచేటప్పుడు ఆమే మాకు చెప్పింది కాబట్టి సారుకు తెలుసు. ఒక్కొక్కటే తెలుగులో చెప్పారు. మేము ఎనిమిది మందిమి. మా నాయన బంగళాల్లో తోటపని చేస్తడు. మా అమ్మ పేరు భాగ్యమ్మ. ఐదోసారి కూడా ఆడపిల్లే పుట్టింది. మా అమ్మ నన్ను ఒక్కనాడు కూడా ఎక్కువైన పిల్ల అనుకోలే.

భాగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అనుకున్న సార్" అంది. "పుట్టినంక మూడు దినాలు మొఖం చూడలే. పాలియ్యలే. మా అత్తనే సక్కెర నీళ్లు తాపింది. గది అబద్ధం సార్. అబద్ధం చెప్పి వచ్చిన కొలువు తీసేస్తరేమో."

ఎన్ని చర్చలు నడిపిన మనిషో సారు, డస్టరు చేతిలోకి తీసుకుని మళ్లీ బల్ల మీదే పెట్టేశారు.

జ్యోత్స్న వెళ్లి తల్లి చేతిలోని డబ్బా అందుకుంది. "నాకు ఎరుకనే అమ్మ. నాయనమ్మ ఎప్పుడో చెప్పింది" అంది. "నాలుగో దినం సంది లెక్కేసి చెప్పిన నేను."