చీటీలో వచ్చిన సత్యం

నేను ఇక్కడ రాయబోయేదంతా అక్షరాలా జరిగినదేనని ముందుగానే ప్రమాణం చేస్తున్నాను. ఒట్లు పెట్టుకోకూడదని మా మందిరం అయ్యగారు, అంటే పాస్టరుగారు, చిన్నప్పటి నుంచి నేర్పారు కాబట్టి ఎవరి తల మీదా చెయ్యి పెట్టను గాని, నన్నెరిగినవాళ్లు నవ్వుకుంటారని తెలిసి కూడా చెబుతున్నాను, ఈసారి ఒక్క మాటైనా కల్పించలేదు. చేవెళ్ల క్యారెట్టు ఒకదాన్ని బస్సు టాపు మీద అడ్డంగా పడుకోబెడితే రెండు కొసలూ కిటికీల దాకా వేలాడాయని నేను వెనక చెప్పిన సంగతి వేరు, ఇది వేరు.

పోయిన నెల మా ఆవిడ వైపు బంధువుల పెళ్లి విందుకని మొయినాబాద్ దాటాక, కనకమామిడి పోయే వైపున్న ఒక ఫంక్షన్ గార్డెన్‌కు వెళ్లాము. పళ్లెం పట్టుకుని వరుసలో మెల్లగా జరుగుతూ బగారా అన్నం వడ్డించే బల్ల దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. ఎడమ పక్కన ఏనుగు కూర్చున్నట్టుండే ఆ రాతిగుండు నాకు తెలుసు. ఇప్పుడు దాని చుట్టూ రంగుదీపాలు చుట్టారు గాని గుండు మాత్రం అదే. ఆ గుండు నుంచి నలభై అడుగులు తూర్పుకు నడిస్తే మా ప్రార్థన మందిరం గడప వచ్చేది. అంటే అన్నం బల్ల వేసినచోట పాత అయ్యగారు నిలబడి వాక్యం చెప్పేవారన్నమాట. వెనకనున్నాయన, "జర ముందుకు నడువున్రి సార్, అన్నం సల్లారుతున్నది" అన్నాడు. నడిచాను. ఆ రోజు ఏం తిన్నానో మాత్రం నాకు గుర్తులేదు.

ఆ మందిరం అంటే మీరు పెద్ద గోపురం ఊహించుకోవద్దు. నాలుగు ఇటుక గోడలు, పైన రేకులు, కింద చాపలు, ఎండాకాలంలో లోపల కూర్చుంటే ప్రసంగం కంటే రేకుల చిటపటలే ఎక్కువ వినపడేవి. అది నిలిచిన పది గుంటలూ, అంటే పావెకరం, మా ఊరి పెద్ద పటేల్ పొలంలోవి. ఆయన హిందువు, ఏనాడూ మందిరం లోపలికి వచ్చి కూర్చోలేదు గాని, క్రిస్మస్ నాడు గడప బయట కుర్చీ వేయించుకుని అందరితో పాటు అన్నం తినిపోయేవాడు. ఆ జాగాను ఆయనే పాత అయ్యగారికి పొలంలో నిలబడి నోటిమాటగా ఇచ్చాడు. కాగితం లేదు. అంతటి మనిషి మాట ఇచ్చాక కాగితం అడగడమంటే ఆయన మొహం మీదే నిన్ను నమ్మనని చెప్పినట్టని ఆ కాలంలో అందరూ అనుకునేవారు, అయ్యగారూ అలాగే అనుకున్నారు. తరువాత ఇద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు.

ఆ మాట ఇచ్చిన రోజుల్లో నేను పటేల్ గారి ట్రాక్టరు నడిపేవాణ్ణి. దుక్కి అదే పొలంలో నడుస్తోంది కాబట్టి ఆ మాట నేను విన్నానని అందరూ అనుకున్నారు. నేను కాదనలేదు. కాదనకపోవడంతో ఆగితే బాగుండేది. వాళ్లిద్దరూ పోయాక మందిరం వార్షికోత్సవానికి ప్రతి ఏడూ నన్ను లేపి సాక్ష్యం చెప్పమనేవారు, నేను చెప్పేవాణ్ణి. మొదటి ఏడు పటేల్ చెయ్యి చాచి గట్టు చూపించాడన్నాను. రెండో ఏడు ఆయన తలపాగా తీశాడు. మూడో ఏడు పొలంలో కౌజుపిట్టలు కూత ఆపేశాయి. నాలుగో ఏడు పటేల్ కళ్ల వెంట నీళ్లు కారాయి, నేను ట్రాక్టరు ఇంజను ఆపి ఆ నీళ్లు మట్టిలో పడిన చప్పుడు కూడా విన్నాను. చాపల మీద ఆమెన్ అనే కేక రేకులు లేచిపోయేంతగా వచ్చేది. మా చిన్నమ్మ ఒక్కతే ఆడవాళ్ల వైపు చివర కూర్చుని, నేను చెబుతున్నంత సేపూ కళ్లు మూసుకునేది. ప్రార్థనలో ఉందని అందరూ అనుకునేవారు.

ఎందుకు మూసుకునేదో నాకు తెలుసు. ఆ రోజు నేను పొలంలో లేను. జ్వరమని పటేల్‌కు కబురు పంపి, చిన్నమ్మ వంకాయ గంపలు రైలెక్కించడానికి ఆమెతో శంకర్‌పల్లి స్టేషన్‌కు వెళ్లాను. గంపలెక్కించాక ఆమె నాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టింది. ఆ సంగతి ఈ లోకంలో మా ఇద్దరికే తెలుసు.

ఇంతలో పట్నంలో కంప్యూటర్ కంపెనీలు లేచాయి. గచ్చిబౌలి రాళ్లు పగులుతుంటే ఆ అదురు మా పొలాల దాకా వచ్చింది. ఆదివారం వస్తే చాలు, కార్లలో యువ దంపతులు దిగి జొన్న చేలో నిలబడి గాలి బాగుందనేవారు. నేను ట్రాక్టరు వదిలేసి ఒక భూముల బ్రోకరు దగ్గర జీపు ఎక్కాను. నాకున్న ఒక్కగానొక్క విద్యకు అంతకంటే తగిన ఉద్యోగం మరొకటి దొరకదు. ఎండిన బోరు పక్కన నిలబడి, దీని నీళ్లు తాగితే చదువురాని పిల్లవాడు కూడా ఇంగ్లీషు మాట్లాడతాడని చెప్పగలిగేవాణ్ణి.

అదే రోజుల్లో మాకు కొత్త అయ్యగారు వచ్చారు. పలచని మనిషి, మెల్లగా మాట్లాడేవారు. ఆదివారం భక్తి ఆదివారమే అయిపోతే లాభం లేదు, సోమవారం కూరగాయల బజారులో తక్కెడ పట్టుకున్నప్పుడు ఏ గుణం కనిపిస్తుందో అదే మన విశ్వాసం అనేది ఆయన పట్టుదల. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం నాడు సంఘాల్లో బైబిలు వాక్యం రాసిన వాగ్దానం కార్డులు తలా ఒకటి తీస్తారు. ఆయన దాన్ని మార్చి, ఒక స్టీలు టిఫిను డబ్బాలో గుణాల పేర్లు రాసిన చీటీలు వేశారు. ఎవరికి వచ్చిన గుణాన్ని వాళ్లు ఏడాదంతా పెంచుకోవాలి, నెలకోసారి లేచి ఎంత పెరిగిందో చెప్పాలి.

మాటకు ముందు చెయ్యి లేచే మా మేనమామకు సాత్వికం వచ్చింది. చిన్నమ్మకు ఓర్పు వచ్చింది. ఆమె చీటీ చూసుకుని, "ఇది నా ఇంట్ల పాతదే ఉన్నది అయ్యగారూ, వేరేది ఇయ్యరాదుండ్రి" అంది. నా చీటీ మేనమామ లాక్కుని పైకి చదివాడు. సత్యం. చాపల మీద నవ్వు ఎంతసేపు నడిచిందంటే అయ్యగారు పాట ఎత్తుకుంటే గాని ఆగలేదు.

నవ్వితే నవ్వారు గాని, నేను నిజంగానే ప్రయత్నించాను. బోరులో నీళ్లున్నాయా అని కొనేవాళ్లు అడిగితే లేవన్నాను. రోడ్డు వస్తుందా అంటే నాకు తెలియదన్నాను. బ్రోకరన్న నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "తమ్మీ, దవాఖానకన్న పో, లేకుంటే ఇంటికన్న పో, గిట్ల జీపుల కూసుండకు" అన్నాడు. నెలాఖరున మేనమామ లేచి, ఈ నెల బస్సు కండక్టరును ఒక్కణ్ణే తిట్టానని సాక్ష్యం చెప్పాడు. నేను లేచి రోజుకు పది అబద్ధాలు నాలుగుకు దిగాయన్నాను. నిజానికి ఆరు.

చిన్న విషయాల్లో అలా కాస్త కాస్త నేర్చుకుంటున్నప్పుడే పెద్దది వచ్చి మీద పడింది. పటేల్ కొడుకు, చిన్న పటేల్ అనేవాళ్లం, ఆ సర్వే నంబరు మొత్తం పట్నం వాళ్లకు అమ్మకానికి పెట్టాడు. చెడ్డవాడు కాదు. రాజకీయాల్లో తిరిగే మనిషైనా తండ్రి పేరెత్తితే గొంతు తగ్గించి మాట్లాడేవాడు. వచ్చే శనివారం పొద్దున మందిరంలోనే కూర్చుని తేల్చుకుందామని కబురు పంపాడు. పది గుంటలు తండ్రి ఇచ్చాడని చెవులతో విన్నవాడు ఒక్కడున్నా సరే, ఆ జాగా వదిలి మిగతాది అమ్ముతానన్నాడు.

మావాళ్ల మొహాలు వెలిగిపోయాయి. విన్నవాడు ఉన్నాడు కదా. ఏటేటా చెబుతూనే ఉన్నాడు కదా.

ఆ వారం నా బతుకు ఎలా గడిచిందో ఎవరికి చెప్పను. వినలేదంటే మందిరం పోతుంది. విన్నానంటే, పాత అయ్యగారు నిజమే చెప్పారు కాబట్టి న్యాయంగా మాదే అయిన జాగా మాకు దక్కుతుంది. ఒక్క అబద్ధం, అదీ వందసార్లు చెప్పి నున్నగా అరిగిపోయిన అబద్ధం. కొత్త అయ్యగారి దగ్గరికి రెండుసార్లు వెళ్లి గుమ్మంలోంచే తిరిగివచ్చాను. మూడోసారి ఆయనే చూసి, విన్నది విన్నట్టు చెప్పు బాబూ, అంతకంటే ఏమీ కలపకు అని భుజం తట్టారు. తల ఊపాను. చివరికి చిన్నమ్మ టమాట తోటలోకి వెళ్లి ఆమె వెనకే సాళ్ల వెంట తిరిగాను. ఆమె కాయలు కోస్తూనే ఉంది.

"ఏం జేయాలె చిన్నమ్మా" అన్నాను.

"నన్నడుగుతవేంది కొడుకా. అల్లినప్పుడు అడిగినవా."

"మందిరం పోతది."

"పోతది" అంది. గంప ఎత్తమని సైగ చేసింది. ఎత్తాను.

శనివారం పొద్దున చిన్న పటేల్ తన తండ్రిలాగే గడప బయట కుర్చీ వేయించుకున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మేనమామ నా రెక్క పట్టి ముందుకు తోశాడు. "మావోడు ఇన్నడు పటేలా. కండ్లార సూసిండు, చెవులార ఇన్నడు. చెప్పురా."

చిన్న పటేల్ నా వైపు చూశాడు. "చెప్పన్నా. మా బాపు ఇచ్చిండంటే ఇచ్చినట్టే. నువ్వన్నది నేను మళ్ల అడగ. నువ్వు మా ట్రాక్టర్ మీద బతికినోడివి."

అప్పుడు నాలో ఏం జరిగిందో గాని, నోట్లోంచి వచ్చిన మాట ఇది. "నేను ఇనలే పటేలా. ఆ దినం నేను శంకర్‌పల్లి టేషన్ల ఉన్న. ఇన్నేండ్లు చెప్పినదంతా నా కల్పన."

చిన్న పటేల్ కుర్చీలోంచి లేచాడు. "మరి నన్నేం జేయమంటరు. కొనేటోళ్లు మొత్తం గావాలంటుండ్రు. వానలు వడేదాక ఉండుండ్రి. రేకులు దీసుకపోను ట్రాక్టర్ నేనే పంపుత" అన్నాడు. గెలిచినవాడి మొహం కాదది.

అన్నట్టుగానే ట్రాక్టరు పంపాడు. గోడలు మేమే విప్పుకున్నాము. అయ్యగారు మా అందరికంటే ముందు మేకులు పీకారు, ఆ ఏడాది చివర ఆయనకు మరో ఊరికి బదిలీ అయింది. తరువాత ఆరాధన మేనమామ ఇంటి వసారాలోకి మారింది. సాత్వికం పెంచుకుంటున్న మేనమామ నన్ను తిట్టలేదు, కొట్టలేదు, నాలుగేళ్లు నాతో మాట్లాడలేదు. ప్రతి ఆదివారం నేను వెళ్లేవాణ్ణి. లోపల చాప మీద జాగా ఉన్నా ఎవరూ జరిగేవారు కాదు కాబట్టి, బయట మెట్టు మీద, చెప్పుల పక్కన కూర్చుని పాటలు పాడి లేచివచ్చేవాణ్ణి. ఎండొస్తే కొంగు, అంటే కండువా, తల మీద వేసుకునేవాణ్ణి. గుణం పెరగడమంటే పొలంలో పైరు పెరిగినట్టు కంటికి పచ్చగా కనిపిస్తుందనుకునేవాణ్ణి. అది పెరిగినచోట ఇంత బోసిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మా పొలాలన్నిటికీ కాగితాలున్నాయి. వేలు పెడితే మిషన్ చెబుతుంది ఎవరి జాగా ఏదో, విన్నవాడితో కన్నవాడితో పనిలేదు. దొంతన్‌పల్లి వైపు పోతే పిల్లల చదువులకు కట్టిన మేడలు, ఇటు వస్తే ఫారం హౌసుల గేట్లు. మా వసారా ఆరాధన కూడా ఎప్పుడో ఆగిపోయింది, మేము ఆదివారం పట్నంలో పెద్ద మందిరానికి వెళ్తాము. ఏసీ ఉంటుంది, తెర మీద పాటల మాటలు పడతాయి, వేలమంది ఉంటారు. నా పక్కన కూర్చున్నాయనకు నా పేరు తెలియదు. ఈ నెల నేను ఎన్ని అబద్ధాలు తగ్గించానో అడిగేవాళ్లు లేరు, నేను ఏదైనా అల్లి చెబుతుంటే కళ్లు మూసుకునేవాళ్లూ లేరు. చిన్నమ్మ పోయి తొమ్మిదేళ్లయింది.

ప్రమాణం చేశాను కాబట్టి ఇది కూడా చెప్పకుండా ఉండలేను. ఒక్కచోట కల్పించాను. గడప ముందు నిలబడి నేనన్న మాట అది కాదు. "ఆ దినం పొద్దుగాల పటేల్ తలపాగ తీసి" అని మొదలుపెట్టాను. అంతవరకే వచ్చాను. ఆడవాళ్ల వైపు నుంచి చిన్నమ్మ లేచివచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "ఆగు కొడుకా" అంది. పటేల్‌తో చెప్పింది కూడా ఆమే. "పటేలా, వీడు ఆ దినం నాతోని శంకర్‌పల్లి టేషన్ల ఉన్నడు. నాకు ఎరుకుండి ఇన్నేండ్లు నోరు మూసుకున్న. తప్పు నాది."

మేనమామ నాతో మర్నాడే మాట్లాడాడు. నాలుగేళ్లు మాట్లాడనిది తన సొంత చెల్లెలైన చిన్నమ్మతో. నేను లోపల చాప మీదే కూర్చునేవాణ్ణి, నాకు జరిగి జాగా ఇచ్చేవారు. కొంగు తల మీద వేసుకుని చెప్పుల పక్కన మెట్టు మీద కూర్చున్నది ఆమె. ఆ నాలుగేళ్లలో నేను ఒక్క ఆదివారమైనా లేచి బయటికి వెళ్లి ఆమె పక్కన కూర్చోలేదు.