బాబా నాణేలు, నా చింతపండు

ఆ రోజుల్లో మెరవని వస్తువంటే నాకు మురికి వస్తువనే లెక్క. ఆ తెలివితోనే, అరబ్బు దేశంలో, రుమైథియా అనే పేటలో నేను ఇంటిపని చేసే చోట బాబా (యజమానిని మేమంతా అలాగే పిలుస్తాం) అల్మారాలో దాచుకున్న పాతకాలపు రాగి నాణేలను ఉప్పూ చింతపండూ పెట్టి తోమేశాను. తప్పు నాదే. అంతకన్నా పెద్ద తప్పు ఆ తరవాత చేశాను.

చింతపండు ఇచ్చింది వంటచేసే రాజంపేట అక్క. "ఏం చేస్తావురా దీంతో?" అంటే, "బాబా మెచ్చుకునే పని" అన్నాను గొప్పగా. మా అమ్మ పండగ ముందు చెంబులు తోమినట్టు తోమి, తెల్లగుడ్డ మీద పరిచాను. పెళ్లికొడుకుల్లా మెరిశాయి. బాబా ఒకటి ఎత్తి చూసి, కుర్చీలో కూలబడ్డారు. ఆయన భార్య (ఆవిడను మామా అంటాం, అమ్మగారని) నాణెం వాసన చూసింది. "చింతపండు! ఇది వంటమనిషి పనే. ఖలాస్, ఊరికి పంపేయండి."

ఆ నెలలోనే అక్క ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, కొత్తది చేయించాలి. ఆమె జీతం మీదే కూతురి నర్సింగ్ చదువు. "నేను కాదు మామా" అని, నా వైపు తిరిగింది. "చెప్పరా నాయనా! నోట్లో ఏం పెట్టుకున్నావు?"

నేను చీపురు వెతకసాగాను. (చీపురు నా చేతిలోనే ఉంది.)

బాబా ఎవరినీ తిట్టలేదు. భూతద్దం పెట్టి, అరిగిన అక్షరాల మీద వేలు నడుపుతూ, తనకొచ్చిన హిందీలో తనలో తనే అనుకున్నట్టు చెప్పారు. "ఇటువైపు, అల్లాహ్ తప్ప దేవుడు లేడని. అటువైపు, మాట నిలబెట్టుకోమని, న్యాయంగా ఉండమని అల్లాహ్ ఆజ్ఞ. సంతలో ఉల్లిపాయలు కొనేవాడి చేతిలోనూ ఈ మాట ఉండాలని అచ్చువేశారు. వెయ్యేళ్లు దాటినా చదవగలిగాను. ఇప్పుడు సగం పోయింది."

ఏ సగం పోయిందో అడిగే ధైర్యం లేదు. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. చీపురు కింద పెట్టాను.

"నేనే బాబా. అక్కకేం తెలీదు."

అల్మారాకు తాళం పడింది. మామా నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు. అక్క ఇఖామా మాత్రం ఆగలేదు. నేను శుక్రవారాలు ఆమె వంటగది పనంతా నెత్తినేసుకుని, ఆమెను సబా అల్ సలేంలోని చెల్లెలి దగ్గరికి పంపేవాణ్ని. మూడు వారాలు పలకకుండానే వెళ్లింది. నాలుగోవారం తిరిగొస్తూ కారందోసె పొట్లం నా ముందు పడేసింది.

"తిను. కోపం పోలేదులే. నువ్వు వండుకున్న అన్నం చూసి జాలేసింది."

ఆ అన్నం నిజంగానే అలా ఉండేది. నోరు తెరవడానికి అంతసేపు పట్టిన ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. కాస్త నవ్వు కూడా.